ఫ్లెక్సీ మీద ఉద్యోగం

నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. హనుమకొండలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసరు కుర్చీ అది. చదువు అయిపోతున్న పిల్లలకు ఉద్యోగాలు చూపించే పని.

"మేడం, కంపెనీలు ఒక్కటి గూడ వస్తలేవు. ఎవల్ని అడిగినా మాంద్యం అంటాన్రు. నేను ముందుగాల ఏ పని పట్టుకోవాలె?" అని అడిగింది.

ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. ఆ ఉద్యోగం గురించి మాట్లాడితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే నేను ఒక్క వాక్యమూ పూర్తి చేయను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్ల కథ ఉండదు, ఆ ఉద్యోగంలో ప్రమోషన్లు లేవు కనుక. సన్మానాల్లో కప్పిన శాలువాలు మాత్రం బీరువాలో ఉన్నాయి. చలికి కప్పుకుందామంటే ఒక్కటీ పనికిరాదు, అంతా జరీ అట్టే.

మంచి రోజుల్లో మన గొప్ప

ముందు ఒక సంగతి తెలుసుకో. కంపెనీలు ఎగబడి వచ్చే రోజుల్లో ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళంతట వాళ్ళే వస్తారు, పరీక్ష పెడతారు, మూటగట్టినట్టు పిల్లల్ని తీసుకుపోతారు. అప్పుడు మన పని ఏమిటంటే వచ్చినవాళ్ళకు ఏసీ పనిచేసే గది ఇప్పించడం, మధ్యాహ్నానికి బిర్యానీ తెప్పించడం, సాయంత్రం వేయిస్తంభాల గుడి చూపించి రైలెక్కించడం. నేను కామర్స్ లెక్చరర్‌ని. ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడగలనని, ఎవరికీ భయపడనని నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. బిర్యానీ తెప్పించడానికి ఆ రెండు అర్హతలూ ఎందుకో నాకు చాలా కాలం అర్థం కాలేదు.

ఆ రోజుల్లో పేపరువాళ్ళు వచ్చి మా విజయ రహస్యం అడిగేవారు. మా చైర్మన్ గారు కుర్చీలో వెనక్కి వాలి క్రమశిక్షణ, అంకితభావం అని చెప్పేవారు. రహస్యమేమీ లేదు. పైన వానపడితే కింద చెరువు నిండుతుంది, అందులో చెరువు ప్రతిభ ఏముంది?

ఈ చైర్మన్ గురించి కొంచెం చెప్పాలి. ఆయన మొదట మిర్చి వ్యాపారి. రైతుల దగ్గర కొన్న మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరిగాక అమ్మి పైకి వచ్చిన మనిషి. ఆ వ్యాపారంలో ఆయనను మించినవాడు లేడని అంటారు, నేనూ కాదనను. అయితే ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. కాలేజీ పెట్టినా, పిల్లల్ని చూసినా, ఆయన కళ్ళకు కనబడేది సరుకే.

నాకు పని నేర్పిన మనిషి

నిజంగా నేర్పినవాడు మా మొదటి ప్రిన్సిపాల్. నేను కుర్చీలోకి వచ్చిన కొత్తలోనే, అమెరికాలో బ్యాంకులు కూలి ఇక్కడ కంపెనీలు రావడం మానేసిన కాలం ఒకటి నడిచింది. నేను పొద్దున్నుంచి హైదరాబాద్ నంబర్లకు ఫోన్లు చేసి, ఎవరూ ఎత్తక తల పట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన ఒకరోజు నా గదికి వచ్చి ఫోన్ తీసి పక్కన పెట్టేశారు.

"అమ్మా, పెద్ద కంపెనీల సంగతి మనకెందుకు. చెప్పులేసుకొని బయలెల్లు. ఈ ఊర్ల ఎవరి దగ్గర పని పేరుకపోయి ఆగిందో సూసి రా. పని ఆగిన కాడ మనిషి కావాలె గదా," అన్నారు.

వెళ్ళాను. దవాఖానల్లో, పత్తి జిన్నింగు మిల్లుల్లో, విత్తనాల గోడౌన్లలో తిరిగాను. మనిషి కావాలని ఎవరూ అనలేదు. 'మీకు తలనొప్పిగా ఉన్న పని ఏమిటి' అని అడిగితే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పారు. అలా కొందరు పిల్లలు కుదురుకున్నారు. జీతాలు చిన్నవి. వాళ్ళ నాన్నలు నా మీద అలిగారు, బీటెక్ చదివించింది మిల్లులో కూర్చోబెట్టడానికా అని. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు వాళ్ళ నాన్నలు కోరుకున్న ఉద్యోగాల్లోనే ఉన్నారు. ఖాళీగా ఇంట్లో కూర్చుని మంచి రోజుల కోసం చూసిన వాళ్ళను, మంచి రోజులు వచ్చాక ఎవరూ పిలవలేదు. కంపెనీలకు ఎప్పుడూ తాజా బ్యాచే కావాలి.

ఆ ప్రిన్సిపాల్‌ను చైర్మన్ గారు కొన్నాళ్ళకు సాగనంపారు. కాలేజీకి ఇమేజ్ తేలేదట. ఆయన స్థానంలో వచ్చినాయన టై కట్టుకుని వచ్చాడు. ఆయన గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

చౌరస్తాలో పిల్ల మొహం

ఇక అసలు సంగతి. కరోనా తర్వాత కంపెనీలు వరదలా వచ్చాయి, ఎంత వేగంగా వచ్చాయో అంత వేగంగా మాయమయ్యాయి. మాయమయ్యే ముందు ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ మా దగ్గర కొందరిని ఎంపిక చేసి ఆఫర్ ఇచ్చింది. అందులో సంధ్య ఒకతె.

సంధ్యది నర్సంపేట అవతల ఒక పల్లె. తండ్రి మల్లయ్య సొంత భూమి కొంచెం, కౌలు భూమి కొంచెం పెట్టుకుని పత్తి, మక్కజొన్న వేసేవాడు. ఇంట్లో మొదటి చదువు ఆమెదే. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఇంటర్వ్యూలో 'మీ బలహీనత ఏమిటి' అని అడిగితే మిగతా పిల్లలందరూ కోచింగులో నేర్పినట్టు 'నేను అతిగా కష్టపడతాను' అని చెప్పారట. ఈమె మాత్రం 'నాకు ఇంగ్లీషు తొందరగా రాదు' అంది. వాళ్ళు తీసుకున్నారు. అంతవరకు ఆ కంపెనీ మర్యాదగానే ఉంది.

ఆఫర్ వచ్చిన వారంలోనే చైర్మన్ గారు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించారు. మన ఊళ్ళో ఈ ఆచారం నీకు తెలిసిందే. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, దశదినకర్మకు ఫ్లెక్సీ, నాయకుడు ఢిల్లీకి పోతే ఫ్లెక్సీ, తిరిగొస్తే ఫ్లెక్సీ. కాలేజీలకైతే ఉద్యోగం వచ్చిన పిల్లల మొహాలే ఫ్లెక్సీ. నడుమ సంధ్య ఫొటో అందరికన్నా పెద్దగా వేశారు, పల్లె నుంచి వచ్చిన ఆడపిల్ల కనుక. ఆ ఫొటో చూసి ఇంకో పదిమంది పల్లె తండ్రులు ఆడపిల్లల్ని తెచ్చి చేరుస్తారని ఆయన లెక్క.

"సార్, చేరమని తేదీ రాలేదు. ఆఫర్ వేరు, నౌకరి వేరు. చేరినాక కడదాం," అన్నాను.

"మేడం, పూత సూసే తోట బేరం జేస్తరు. కాయ కాసేదాంక ఆగితే బేరం వేరేటోడు కొట్టుకపోతడు," అన్నారాయన.

సంధ్య పల్లెలో అయితే బస్టాండు దగ్గర ఊరివాళ్ళు ఇంకో ఫ్లెక్సీ కట్టుకున్నారు. మల్లయ్యకు ఊరంతా శాలువా కప్పింది. బిడ్డకు పెద్ద నౌకరి వచ్చిందని, ఇక ఆ కౌలు తిప్పలు ఎందుకని అందరూ అంటే, ఆ మనిషి నమ్మి కౌలు భూమి వదిలేశాడు. దాన్ని ఇంకొకరు పట్టుకున్నారు. ఫ్లెక్సీ అంటే రంగులు వేసిన ప్లాస్టిక్ గుడ్డ కదా అనుకునే వాళ్ళు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. ఒక రైతు దాన్ని చూసి భూమి వదిలాడు.

సహనానికి కృతజ్ఞతలు

పరీక్షలు అయిపోయాయి, పిల్లలు బయటికి వచ్చారు. కంపెనీ నుంచి తేదీ రాలేదు. మెయిల్ రాస్తే మెయిల్ వచ్చేది, 'మీ సహనానికి కృతజ్ఞతలు' అని. మా పిల్లలు సహనం చూపించారని వాళ్ళకు ఎవరు చెప్పారో. ఫోన్ చేస్తే ఒక కుర్రగొంతు చాలా తియ్యగా, "వి ఆర్ ఎక్సైటెడ్ టు హ్యావ్ యూ" అనేది. ఎప్పుడు బాబూ అంటే, వ్యాపార అవసరాలను బట్టి అనేది. కొన్నాళ్ళకు ఆ గొంతు కూడా పలకడం మానేసింది. వాకబు చేస్తే తెలిసింది, ఆ కుర్రాడినే ఉద్యోగం నుంచి తీసేశారట. పాపం, వాడి సహనానికి ఎవరైనా కృతజ్ఞతలు చెప్పారో లేదో.

పిల్లల్లో దిగులు పెరుగుతోందని చైర్మన్ గారు ఒక స్ఫూర్తి ప్రసంగకుడిని పిలిపించారు. ఆయన కోటు మీద మైకు తగిలించుకుని వేదిక మీద అటూ ఇటూ పరుగెత్తాడు. పిల్లలందరినీ లేపి చప్పట్లు కొట్టించాడు, పక్కవాడి భుజం తట్టి 'నువ్వు పులివి' అని చెప్పించాడు. చివరికి గుండె మీద చెయ్యి వేసుకుని, "మాంద్యం బయట లేదు, మీ మనసులో ఉంది," అన్నాడు. మనసులోనే ఉంటే ఆయన ఫీజు కూడా మనసులోనే ఇచ్చి పంపాల్సింది. చెక్కు తీసుకునే వెళ్ళాడు.

నీకొక మాట చెబుతాను, రాసి పెట్టుకో. మాంద్యం వచ్చినప్పుడు పిల్లల మనసులో లోపముందని చెప్పేవాడిని గేటు దాటనివ్వకు. వాళ్ళ మనసులు బాగానే ఉన్నాయి. వాళ్ళకు కావలసింది తట్టడానికి తలుపులు. తలుపులు చూపించలేని వాళ్ళే పులులని చెబుతారు.

ఆ మధ్యలో నా తిరుగుళ్ళ వల్ల చిన్న కంపెనీ ఒకటి క్యాంపస్‌కు వచ్చింది. సంధ్యను కూర్చోబెడదామనుకున్నాను. చైర్మన్ గారు ఒప్పుకోలేదు. మా కాలేజీలో ఒక విద్యార్థికి ఒకే ఉద్యోగం అనే నియమం ఉంది. కంపెనీలు ఎగబడే కాలంలో ఒకళ్ళే నాలుగు ఆఫర్లు పట్టుకుని మిగతావాళ్ళ నోట్లో మట్టి కొట్టకూడదని పెట్టిన నియమం అది. అప్పుడు న్యాయమే. ఇప్పుడు దాన్ని పట్టుకుని, "ఆ పిల్ల ప్లేస్డ్ మేడం. ఒకలకు రెండు నౌకర్లెందుకు?" అన్నారు.

"ఒక్కటి గూడ లేదు సార్. చేరితేనే గదా నౌకరి."

"వస్తది. జర ఓపిక వట్టాలె. రేటు వడ్డప్పుడు సరుకు తెగనమ్ముకుంటరా? స్టోరేజీల వెట్టి తలుపేసుకోవాలె. మార్కెట్ లేస్తది, అప్పుడు తీస్తం."

"మిర్చికి ఆకలి కాదు సార్," అన్నాను.

ఆయన నవ్వారు. జోకు వేశాననుకున్నారు. అలాంటి మనుషులతో పనిచేయడంలో ఉన్న బాధ ఇదే, మనం తిట్టినా వాళ్ళకు వినోదంగా ఉంటుంది.

రెండూ మీయే గద

సంధ్య ఊరికి వెళ్ళలేకపోయింది. వెళితే ఎప్పుడు చేరుతున్నావని అడుగుతారు. హనుమకొండలోనే ఒక హాస్టల్లో ఉండి, ట్రైనింగు జరుగుతోందని ఇంటికి చెప్పింది. ట్యూషన్లు చెప్పుకుని తిన్నది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"మేడం, వచ్చే ఏడన్న బాపు కౌలు వట్టాలంటె ఇప్పుడే చెప్పాలె. నాకు నౌకరి ఉన్నదని ఆయన ధీమాగ ఉన్నడు. లేదని నేనెట్ల చెప్పాలె? ఏ పనైనా సరే, జీతమొచ్చేది చూపియ్యున్రి. అప్పుడు ధైర్యంగ చెప్త."

నాకు వెంటనే సాంబమూర్తి గుర్తొచ్చాడు. హనుమకొండలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ నడిపే వ్యాపారి. ఊళ్ళో సగం మెడికల్ షాపులకు సరుకు ఆయనదే. తాత కాలం నుంచి వ్యాపారం ఉన్నా, గోడౌన్లో ఏ మందు ఏ నెలలో గడువు తీరుతుందో ఎవరికీ తెలియదు. కంప్యూటరు ఉంది, దాంట్లో ఉన్నది ఒకటి, గోడౌన్లో ఉన్నది ఇంకొకటి. కలిసినప్పుడల్లా అదే గొణుగుడు. పని ఆగిన చోటు అంటే అదే. సంధ్యను పంపాను.

అర్ధగంటలో తిరిగొచ్చింది. సాంబమూర్తి ఆమె మొహం చూడగానే గుర్తుపట్టాడట.

"నువ్వు చౌరస్తల ఫ్లెక్సీల ఉన్న పిల్లవు గద బిడ్డా. అసొంటి కంపెనీల నౌకరి వెట్టుకొని నా దుకాణంల కూసుంటవా? నేను పని నేర్పంగనే ఫోనొస్తది, నువ్వు బ్యాగు సర్దుకుంటవ్. ఇదివరకు ఇద్దర్ని నేర్పి సాగనంపిన. ఇగ నాతోని గాదు," అని మంచినీళ్ళిచ్చి పంపేశాడట.

తర్వాత ఒక స్కానింగు సెంటరులో అదే మాట. ఒక బట్టల షోరూములో అదే మాట. ఒకచోట అయితే నవ్వి, 'పెద్ద కంపెనీ అమ్మాయివి, మాతోని ఎందుకు పరాచికాలు' అన్నారట. ఊళ్ళో ఎవరూ ఆమెను పనికిరానిదని అనలేదు. అందరూ ఆమె గొప్పదని నమ్మారు, అందుకే ఎవరూ పని ఇవ్వలేదు. ఇలాంటి వింత మన దగ్గరే సాధ్యం. పట్నంలో ఎవరికీ ఎవరి మొహమూ తెలియదు. ఇక్కడ ఒక్క చౌరస్తా, ఊరంతా రోజూ దాని చుట్టూ తిరగాల్సిందే.

నేనే సాంబమూర్తికి ఫోన్ చేశాను. ఆ ఉద్యోగం వట్టిదని, తేదీ వచ్చే ఆశ లేదని, నా మాట నమ్మమని చెప్పాను.

"మేడం, మీ కాలేజోళ్లు కట్టిన ఫ్లెక్సీ నమ్మాల్నా, మీరు చెప్పేది నమ్మాల్నా? రెండూ మీయే గద," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది, కాని మండింది ఆయన మీద కాదు.

అదే కోపంతో చైర్మన్ గారి గదికి వెళ్ళాను. ఫ్లెక్సీ దించమన్నాను. ఆ పిల్లకు అది తాడులా బిగుసుకుందని చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "అడ్మిషన్లు అయిందాక దించేది లేదు," అన్నారు. టై ప్రిన్సిపాల్ పక్కనే కూర్చుని తలూపాడు. దేనికి ఊపుతున్నాడో కూడా తెలుసుకోకుండా ఊపే తల అది.

మైకు ఇస్తరా

అడ్మిషన్ల కాలంలో మా కాలేజీలో తల్లిదండ్రుల సభ ఒకటి పెడతారు. కొత్తగా పిల్లల్ని చేర్చబోయే వాళ్ళను పిలిచి, భోజనం పెట్టి, ఉద్యోగాలు వచ్చిన పాత విద్యార్థులను వేదికెక్కించి చూపిస్తారు. పశువుల సంతలో పళ్ళు చూపించినట్టే, కాకపోతే ఇక్కడ పూలదండ వేస్తారు. ఆ ఏడాది సంధ్యను పిలిపించమని నాకు ఆర్డరు వేశారు.

నేను ఆమెకు ఫోన్ చేసి, "రాకున్నా ఏం గాదు బిడ్డా. నేను ఏదో ఒకటి చెప్త," అన్నాను.

"మైకు ఇస్తరా మేడం?" అని అడిగింది.

నాకు అర్థమైంది. "ఇస్తరు," అన్నాను. చైర్మన్ గారికి మాత్రం వస్తుందని చెప్పాను, అంతకుమించి చెప్పాల్సిన అవసరం కనబడలేదు.

సభకు ముందు రోజు ఆమె ఊరికి వెళ్ళి మల్లయ్యకు అంతా చెప్పేసింది. ఆయన పొద్దున లేచి తెల్ల అంగీ వేసుకుని ఆమెతోపాటు బస్సెక్కాడట. సభలో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

చైర్మన్ గారు మైకులో పెద్ద గొంతుతో ఆమెను పిలిచారు. పల్లె ముత్యమని, కాలేజీ వెలుగని ఏవేవో అన్నారు. దండ వేశారు. ఫొటోలు తీశారు. రెండు మాటలు చెప్పమ్మా అని మైకు చేతికిచ్చి, నవ్వుతూ పక్కకు జరిగారు.

"నా పేరు సంధ్య. బయట ఫ్లెక్సీల ఉన్నది నేనే," అంది. దండ తీసి బల్ల మీద పెట్టింది.

"కంపెనీ ఆఫర్ ఇచ్చింది నిజమే. చేరుమని మాత్రం పిలువలే. పిలుస్తరో పిలువరో వాళ్లకే తెల్వదు. నాకు నౌకరి వచ్చిందని మా బాపు కౌలు భూమి ఇడ్సిపెట్టిండు. ఇప్పుడు ఆయనకు కౌలు లేదు, నాకు నౌకరి లేదు. నాకు పని గావాలె. బిల్లింగు వస్తది, స్టాకు లెక్కలు వస్తయి, రానిది నేర్చుకుంట. ఫోన్ రాంగనే పోతదని అందరు భయవడ్తాన్రు. పోయేదుంటె ముందుగాల చెప్త. నా పని ఇంకొకలకు నేర్పినంకనే పోత. మీల ఎవరి దగ్గరన్న పనుంటె చెప్పున్రి."

మైకు బల్ల మీద పెట్టి దిగిపోయింది. సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలో వద్దో తెలియక. టై ప్రిన్సిపాల్ మాత్రం అలవాటు కొద్దీ రెండుసార్లు కొట్టి, చైర్మన్ గారి మొహం చూసి ఆపేశాడు.

ఇంటర్వ్యూలంటే ఏమిటో తెలియాలంటే అక్కడ ఉండాల్సింది. ఎదుటివాడి భయం ఏమిటో కనుక్కుని, దానికి జవాబు చెప్పడమే ఇంటర్వ్యూ. మేము నేర్పించిన షేక్‌హ్యాండ్లు, బ్లేజర్లు, కాళ్ళు దగ్గరగా పెట్టి కూర్చునే పద్ధతులు అన్నీ దండగ. ఆ పిల్ల సాంబమూర్తి మాట విని ఇంటికి పోయి ఏడ్చి ఊరుకోలేదు. ఆయన భయమేమిటో పట్టుకుంది.

సాంబమూర్తి ఆ సభలోనే ఉన్నాడు. ఇంటర్ పాసైన కూతురి కోసం కాలేజీలు చూస్తూ వచ్చాడు. టీలు ఇచ్చే చోట సంధ్య దగ్గరికి వచ్చాడు.

"రేపు దుకాణం తెరిచే యాళ్లకు రా బిడ్డా. నేర్పినంకనే పోత అన్నవు సూడు, ఆ మాటకు పిలుస్తాన," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మా బిడ్డను మాత్రం మీ కాలేజీల ఎయ్య మేడం. ఏమనుకోకున్రి," అన్నాడు. నేనేమీ అనుకోలేదు. చాలా సంతోషపడ్డాను.

మల్లయ్య గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు. కూతురు దగ్గరికి వెళ్ళి తల దించుకుంది. ఆయన భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, "మైకుల చెప్పి మంచిపని జేసినవ్ బిడ్డా. ఇగ ఊర్ల ఇంటింటికి నేను చెప్పే తిప్పల తప్పింది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం కళ్ళనీళ్ళు వచ్చాయి. ఏడ్చాననే రాస్తున్నాను, దాచుకోవడం దేనికి.

కాలేజీ గొప్ప

చైర్మన్ గారు నన్ను గదికి పిలిచి, ఇజ్జత్ తీశారు మేడం అన్నారు. ఉన్నదే తీయగలం సార్ అన్నాను. ఈసారి జోకు అనుకోలేదు. రిటైర్మెంటు దగ్గర పడింది కనుక నన్ను తీసేసే శ్రమ ఆయన తీసుకోలేదు. ఫ్లెక్సీని మాత్రం ఆ సాయంత్రమే దింపించి జనరేటర్ షెడ్డు వెనక పడేయించారు. నేను అన్ని రోజులు అడిగినా జరగని పని ఒక్క రోజులో అయింది.

అడ్మిషన్లు తగ్గుతాయని అందరూ భయపడ్డారు. తగ్గలేదు. కొందరు తల్లిదండ్రులు, 'ఈడ పిల్లలతోని నిజం చెప్పిస్తాన్రు' అని మెచ్చుకుని మరీ చేర్చారు. అది తెలిసిన చైర్మన్ గారు మర్నాటి నుంచి రూటు మార్చారు. వేదిక భయం లేకుండా మాట్లాడడం మా కాలేజీ ప్రత్యేక శిక్షణ అని కరపత్రంలో అచ్చు వేయించారు. ఏ గోడకు వేసి కొట్టినా కాళ్ళ మీదే నిలబడే మనిషి ఎవరంటే ఆయనే.

సంధ్య ఏజెన్సీలో కుదురుకుంది. మొదట్లో గోడౌన్లో దుమ్ము కొట్టుకుంటూ ఒక్కో అట్టపెట్టె తెరిచి కంప్యూటరు లెక్కతో సరిచూసింది. తప్పులూ చేసింది. ఒకసారి గడువు తీరి తిప్పి పంపాల్సిన మందులకు బదులు మంచివి పంపి సాంబమూర్తి చేత చివాట్లు తిన్నది. నేర్చుకుంది. మొదటి జీతం వచ్చే ముందే మల్లయ్య మళ్ళీ కౌలు మాట్లాడుకున్నాడు, ఈసారి వేరే భూమి. ఆ పెద్ద కంపెనీ తేదీ ఇప్పటికీ రాలేదు. వస్తే పోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ దుకాణంలోనే జీవితాంతం ఉండమని చెప్పడానికి నేనెవరిని? మాంద్యంలో దొరికిన పని కాలు పెట్టుకోవడానికి. కాలు నిలిచాక ఎటు నడవాలో వాళ్ళే చూసుకుంటారు.

మక్క చేతికొచ్చిన రోజుల్లో ఆమె ఒకసారి కాలేజీకి వచ్చి ఒక కోరిక అడిగింది. "మేడం, ఆ పాత ఫ్లెక్సీ ఉన్నదా? బాపు మక్కలు ఆరబోస్తాండు, కింద పరిచేతందుకు గావాలె."

షెడ్డు వెనక నుంచి తీయించి ఇచ్చాను. దుమ్ము దులిపి, తన మొహం లోపలికి వచ్చేట్టు మడిచి ఆటోలో వేసుకుంది.

నేను రిటైరవడానికి కొద్ది రోజుల ముందు చౌరస్తాలో మళ్ళీ ఒక ఫ్లెక్సీ లేచింది. నడుమ మళ్ళీ సంధ్య. సభలో దండ వేసినప్పుడు తీసిన ఫొటో. కింద పెద్ద అక్షరాలతో, 'ప్రముఖ ఫార్మా సంస్థలో ఉద్యోగం సాధించిన మా విద్యార్థిని' అని ఉంది. సాంబమూర్తి దుకాణం ప్రముఖ ఫార్మా సంస్థ అయింది. అది చూసి నాకు వచ్చిన కోపానికి ఆ రోజు భోజనం కూడా సయించలేదు. సంధ్యకు ఫోన్ చేసి, నువ్వు ఊ అను, నేను పోయి చింపేస్తాను అన్నాను.

ఆమె తీరిగ్గా నవ్వింది. "చింపకున్రి మేడం. దించినంక నాకు ఇప్పియ్యున్రి. మొదటిది కింద పరిచేతందుకు అయింది. ఇది వాన వడ్తె పైన కప్పేతందుకు అయితది."

నేను ఆ కాలేజీ గేటు దాటే నాటికి అది ఇంకా చౌరస్తాలోనే వేలాడుతోంది. కాబట్టి అమ్మాయీ, ముందుగాల ఏ పని పట్టుకోవాలని అడిగావు కదా. కంపెనీలకు ఫోన్లు తర్వాత చేద్దువుగాని. ఆ ఫ్లెక్సీ దింపించి, చిరగకుండా మడిచి, నర్సంపేట బస్సులో మల్లయ్యకు పంపించు. వానలు దగ్గరికొస్తున్నాయి, మక్కలు బయటే ఉన్నాయి.